లారీ నేర్పాలంటే ఎన్నేళ్లుండాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. పదో తరగతి అయ్యాక ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాను. 18 నిండగానే కారు లైసెన్సు, పోయినేడు హెవీ తీసుకున్నాను. మా ఊరి డ్రైవింగ్ స్కూలు ఓనరు ‘లారీ నేర్పడానికి వచ్చెయ్, కాగితాల సంగతి నేను చూసుకుంటా’ అంటున్నాడు. పోవచ్చా?
– ఒక పాఠకుడు, డోన్

జవాబు: స్కూల్లో చేరండి, ఇన్‌స్ట్రక్టరు సీట్లో మాత్రం ఇప్పుడే కూర్చోవద్దు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 24వది ఇన్‌స్ట్రక్టరుకు ఏమేం ఉండాలో చెబుతుంది. పదో తరగతి పాసవ్వాలి, మోటారు మెకానిక్ సర్టిఫికెట్టు కావాలి, కనీసం ఐదేళ్లు బండి నడిపి ఉండాలి. ట్రాఫిక్ గుర్తులు క్షుణ్ణంగా తెలిసి, బండి భాగాలు ఏది ఎందుకో విప్పి చెప్పగలగాలి. మొదటి రెండూ మీకున్నాయి, కొరతల్లా ఐదేళ్లే. కారు లైసెన్సు నుంచి లెక్కేసినా 23 దాటాలి. రవాణా బండి లైసెన్సు 20 ఏళ్లకు ముందు రాదు కాబట్టి, లారీ నేర్పేవాడికి ఐదేళ్లూ లారీ మీదే గడవాలన్నది మా మాట. అంటే 25. క్లీనరుగా తిరిగిన కాలాన్ని ఇందులో కలపకండి.

‘కాగితాల సంగతి నేను చూసుకుంటా’ అనేవాళ్లతో జాగ్రత్త. శిక్షణ బండి నడిపేటప్పుడు పక్కన కూర్చున్నవాడి చేతిలో ఆ రకం బండి నడిపే లైసెన్సు ఉండాలి, బండిని ఆపగలిగే చోట అతను కూర్చోవాలి. ఎవరు ఎన్ని గంటలు నడిపారో ఫారం 15లో రాస్తారు. అందులో మీ సంతకం పడ్డాక ప్రమాదం జరిగితే మొదట అడిగేది మిమ్మల్నే. తప్పుడు రాతలు తేలితే స్కూలు లైసెన్సు రద్దు చేసే అధికారం రవాణా శాఖకు ఉంది.

ఈలోపు బేతంచెర్ల నాపరాళ్ల లోడో, యర్రగుంట్ల సిమెంటు లోడో నడపండి. జీతం బ్యాంకులో వేయించుకోండి, ఓనరు దగ్గర తేదీలతో ఉత్తరం రాయించుకోండి. ఐదేళ్లకు సాక్ష్యం అవే. సెలవు రోజుల్లో స్కూలు ఆవరణలో బ్రేకులకు గాలినిచ్చే ఎయిర్ ట్యాంకులో చేరిన నీళ్లు వదలడం, బ్రేకు లైనింగు అరుగుదల చూడటం లాంటివి నేర్పండి. ఐటీఐ చదువు అక్కడ పనికొస్తుంది.

ప్రశ్న: నేను 27 ఏళ్ల ఇన్‌స్ట్రక్టర్ని. ట్రాక్టరు నడిపి నడిపి వచ్చిన పెద్దవాళ్లు నా మాట వినరు. క్లచ్చి మీద నుంచి కాలు తీయరు. దిగుడులో ‘డీజిలు మిగులుతుంది’ అని న్యూట్రల్ కొడతారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ‘అన్నా, ఇట్ల కాదు’ అని నాలుగుసార్లు చెప్పేకన్నా బండి చేతే చెప్పించండి. చదునైన ఖాళీ స్థలంలో ఫస్టు గేరులో, యాక్సిలరేటరు ముట్టకుండా, క్లచ్చి ఒక్కటే మెల్లగా వదలమనండి. డీజిలు ఇంజను ఐడిలింగులోనే ఖాళీ లారీని లాగుతుంది. క్లచ్చి ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలిసిపోతుంది. ఇది పది పదిహేనుసార్లు చేయిస్తే క్లచ్చి మీద కాలు పెట్టే అలవాటు చాలామట్టుకు పోతుంది. పోకపోతే, క్లచ్చి ప్లేటు, బేరింగు మార్చాలంటే గేరుబాక్సు దించాలని, ఆ రోజుల బాడుగ పోతుందని లెక్కగట్టి చూపించండి. ట్రాక్టరు సొంతంగా ఉన్నవాళ్లకు ఆ భాష బాగా అర్థమవుతుంది.

న్యూట్రల్ సంగతి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. రాయచోటి నుంచి కడపకు వచ్చే గువ్వలచెరువు ఘాటులో లారీ ప్రమాదాలు మీకు కొత్త కాదు. గేరు తీస్తే ఇంజను పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. తొక్కుతూ పోతే బ్రేకు డ్రమ్ము కాగి, లైనింగు పట్టదు. పదేపదే తొక్కితే బ్రేకు ట్యాంకులో గాలి కూడా దిగిపోతుంది. వేగం పెరిగాక మళ్లీ గేరు వేద్దామంటే పడదు.

పైన దిగుడు మొదలుకాక ముందే బండి ఆపించండి. గాలి ఒత్తిడి చూపే గేజీ మామూలుగా ఉండే 7–8 బార్లకు వచ్చాకే కదలాలి. 5 దరిదాపులకు పడితే ఎక్కడున్నా ఆపాల్సిందే. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే, ఎగ్జాస్టు బ్రేకు (ఇంజను పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించేది) వేసి ఉంచాలి. కాలి బ్రేకును ఒకసారి గట్టిగా తొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. మెల్లగా ఒత్తి పట్టుకుని దిగడమే అసలు తప్పు. లైనింగు కాలిన వాసనొస్తే జాగా చూసి ఆపి చల్లారనివ్వాలి, డ్రమ్ము మీద నీళ్లు పోస్తే పగులుతుంది. (చక్రాలకు పెట్టిన రాళ్లను రోడ్డు మీదే వదిలేసి పోయేవాళ్లకు వేరే శిక్షణ కావాలి.) కొత్తవాళ్లను మాత్రం మొదటి వారాల్లో ఘాటుకు తీసుకుపోకండి.

ఇంకొకటి. 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. మలుపు దగ్గరికొచ్చాక అరిస్తే అప్పటికే ఆలస్యం, మూడు నాలుగు సెకన్ల ముందే చెప్పండి. మీ వైపు బ్రేకు తొక్కడం అత్యవసరానికే. మాటిమాటికీ తొక్కితే ‘అతను ఆపుతాడులే’ అని ఎదురు చూడటం మొదలుపెడతారు.

ప్రశ్న: హెవీ నేర్పడానికి ఎన్నాళ్లు పడుతుంది? కొందరు వారంలో అయిపోతుందంటున్నారు.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వారంలో అయ్యేది ఫీజు వసూలే. రవాణా బండ్లకు స్కూల్లో కనీసం 30 రోజులు, అందులో 15 గంటలు స్టీరింగు పట్టుకుని ఉండాలని నిబంధన. 2021లో వచ్చిన అక్రెడిటెడ్ (ప్రభుత్వ గుర్తింపు ఉన్న) శిక్షణ కేంద్రాల్లో అయితే పాఠాలూ, బండి నడపడమూ కలిపి ఆరు వారాల్లో 38 గంటలు. ఆ సర్టిఫికెట్టు ఉంటే ఆర్టీఓ దగ్గర డ్రైవింగ్ పరీక్ష మినహాయింపు ఉంటుంది. ఆడవాళ్లు నేర్పకూడదన్న నిబంధన ఎక్కడా లేదు, మీరు అడగకపోయినా చెబుతున్నాం.