చెరువు పచ్చ పెయింటులా మారితే మైలుతుత్తం చల్లొచ్చా?

మీ ప్రశ్న అర్థమైనంతవరకు ఇదీ సంగతి: కాశీనగర్ పక్కన మీ సంఘం లీజుకి తీసుకున్న ఎకరంన్నర పంచాయతీ చెరువు, నాలుగడుగుల నీరు. మేలో రెండున్నర అడుగుల నీట్లో 1200 కిలోల ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన పిప్పి, చేపలకి విషం) వేసి, పెంచని పిచ్చిచేపని తీసేశారు. ఇరవై రోజులకి ఆరు ట్రాక్టర్ల గత్తం (పశువుల ఎరువు), జూలై నుంచి నెలకి 20 కిలోల డీఏపీ ఎరువు. ఇప్పుడు నీరు చిక్కటి పచ్చన, తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

నాచుని చంపే ఆ మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వద్దు, కనీసం ఇప్పుడు వద్దు. చేపలు ఇప్పటికే ఊపిరికి కొట్టుకుంటున్నాయి. నాచు మొత్తం ఒక్కసారి చస్తే, అది కుళ్లడానికి ఉన్న కాస్త ఆక్సిజనూ అయిపోతుంది. పైగా ఆ మందు మోతాదు ఎకరాల లెక్కన ఉండదు, నీటి క్షారతని (నీటిలో కరిగిన సున్నంలాంటి లవణాల పాలుని) బట్టి ఉంటుంది. క్షారత 100 పీపీఎం (లీటరుకి 100 మిల్లీగ్రాములు) అయితే ఘనమీటరుకి ఒక గ్రాము, అంటే మీ 7300 ఘనమీటర్లకి ఏడు కిలోల పైచిలుకు. వాన నీటితో నిండే ఎర్రమట్టి చెరువులో క్షారత 40 ఉంటే మూడు కిలోలు కూడా పట్టదు. అక్కడ ఏడు కిలోలు పడితే నాచుతో పాటు చేపలూ పోతాయి. 50 కంటే తక్కువ ఉన్న చెరువులో దాని జోలికి వెళ్లకపోవడమే నయం.

ముందు అది ఏ నాచో చూడండి. తెల్ల గాజు సీసాలో ఆ నీరు పట్టి అరగంట కదపకుండా ఉంచండి. పచ్చదనం పైకి చేరి మూతి దగ్గర మీగడలా కడితే అది నీలి-ఆకుపచ్చ రకం, ఎక్కువగా మైక్రోసిస్టిస్. దాని కణాల్లో గాలి తిత్తులుంటాయి, అందుకే తేలుతుంది, గాలి తోసిన మూలకి చేరి తెట్టు కడుతుంది. నీరంతా సమానంగా పచ్చగా ఉండిపోతే మామూలు పచ్చ నాచు, అంత భయం లేదు. పొద్దున్న పచ్చగా ఉండి ఎండెక్కేసరికి ఎర్రబడే పొర అయితే యూగ్లీనా. గత్తం మరీ ఎక్కువైందని దాని అర్థం.

ఈ వారం చేయాల్సినవి. మేత, గత్తం, డీఏపీ అన్నీ ఆపేయండి. రాత్రి రెండు నుంచి పొద్దెక్కిన గంట వరకు డీజిల్ మోటారుతో చెరువు నీరే తోడి, ఎత్తు నుంచి జల్లులా పడేలా తిరిగి చెరువులోకే కొట్టండి. పైపు మూతి అడుగు బురదకి తగలకూడదు. బోరు నీళ్లలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, కలిపితే అవీ ఎత్తు నుంచే పడాలి. తెట్టు చేరిన మూల పాత చీరని ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని లాగితే బాగానే వస్తుంది. దాన్ని గట్టు మీద పోస్తే మొదటి వానకే మళ్లీ చెరువులోకి వస్తుంది, దూరంగా గొయ్యి తీసి పూడ్చండి. ఆ మూల నీరు పశువుల్ని తాగనివ్వకండి. మైక్రోసిస్టిస్ విషం కాచినా పోదు.

చాలామంది ఇలాంటప్పుడు సున్నం చల్లేస్తారు. నాచు చిక్కగా ఉన్న చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార గుణం కొలత) 9 దాటుతుంది, సున్నం దాన్ని ఇంకా పైకి తోస్తుంది. 28 డిగ్రీల నీట్లో పీహెచ్ 8 దగ్గర, చేపల విసర్జన, కుళ్లు నుంచి వచ్చే మొత్తం అమ్మోనియాలో చేపలకి హాని చేసే విషరూపం ఆరేడు శాతమే, 9 దగ్గర నలభై శాతం. సున్నం చెరువు తయారీలో వేసేది.

అసలు కారణం మీ లెక్కలోనే ఉంది. ఇప్పచెక్క విషం రెండు మూడు వారాల్లో విరిగి, ఆ తర్వాత ఎరువుగా పని చేస్తుంది. అందులో నత్రజని రెండున్నర శాతం దాకా ఉంటుంది, అంటే మీ చెరువులో ముప్పై కిలోలు. ఇప్పచెక్క వేసిన ఏడు మొదటి గత్తం సగానికి సగం తగ్గించాలి. మీరు తగ్గించలేదు. ఇరవై కిలోల డీఏపీలో భాస్వరం నాలుగు కిలోలు. కిలో భాస్వరం వంద కిలోల ఎండు నాచుకి సరిపోతుంది. దాని మీద పై వరిమళ్ల నుంచి దిగిన నీరు, రేవులో బట్టల సబ్బు.

వచ్చే ఏడు ఎండల్లో నీరు దించినప్పుడు అడుగున నల్లటి బురద పై అరడుగు ఎత్తి పొలాలకి తోలేయండి, భాస్వరం గుమిగూడేది అక్కడే. ఎరువు వేసే ముందు ప్రతిసారీ చెయ్యి మోచేతి దాకా ముంచి చూడండి. అరచెయ్యి లీలగా కనిపిస్తే సరే, మణికట్టు మునగ్గానే మాయమైతే ఎరువు వద్దు. తవుడు, చెక్క నీళ్ల మీద చల్లకుండా చిల్లుల సంచుల్లో పోసి కర్రలకి కట్టండి. మూడు గంటల తర్వాత సంచిలో మిగిలితే మర్నాడు తగ్గించండి. నాచు మింగే సిల్వర్ కార్పు పిల్లలు వందకి పది పదిహేను ఉంటే చాలు. నీలి రకాన్ని అవి మింగినా సరిగా అరగదు, కొంత బతికే బయటికొస్తుంది, కాబట్టి వాటినే నమ్ముకోవద్దు. గడ్డిచేపతో మొక్కలన్నీ తినిపించేయడమూ తప్పే, ఆ మొక్కలు పీల్చుకునే ఎరువంతా నాచు పాలవుతుంది.

అల్పపీడనం పట్టి రెండు మూడు రోజులు ఎండ లేకపోతే జాగ్రత్త. పచ్చ నీరు ఉన్నట్టుండి గోధుమరంగుకి విరిగి, కుళ్లు వాసన మొదలైతే నాచు చచ్చిందన్నమాట. ఆ రాత్రికి మోటారు, డీజిలు గట్టు మీదే ఉండాలి.