పైరసీ సైట్ విదేశాల్లో ఉంటే కేసు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: నా డాక్యుమెంటరీని ఒక సైట్‌లో అనుమతి లేకుండా పెట్టారు. డొమైన్ ఒక దేశానిది, సర్వర్ ఇంకో దేశంలో ఉంది, నడిపేదెవరో తెలియదు. ఫిర్యాదు చేస్తే తీసేశారు గానీ, వారం తిరక్కుండా వేరే పేరుతో మళ్లీ వచ్చింది. ఏ దేశంలో కేసు వేయాలి?

జవాబు: కేసు సంగతి తర్వాత. మీరు తీయించింది పేజీనా, వీడియో ఫైల్‌నా? ఇలాంటి సైట్లు చాలావరకు వీడియోను తమ దగ్గర ఉంచుకోవు, వేరే స్టోరేజ్ నుంచి ప్లే చేయిస్తాయి. పేజీ పోయినా ఫైల్ అక్కడే ఉంటే, కొత్త డొమైన్ తగిలించడం వాళ్లకు గంట పని. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, 'నెట్‌వర్క్' ట్యాబ్ పెట్టి వీడియో ప్లే చేయండి. ఫైల్ ఏ సర్వర్ నుంచి వస్తోందో కనిపిస్తుంది. ఆ లింకు, పేజీ లింకు, తేదీ, టైమ్ జోన్‌తో సహా సమయం కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ చేసి దాచుకోండి. వాళ్లకు నోటీసు అందాక ఆధారం దొరక్కపోవచ్చు.

ఆ సర్వర్ ఐపీ అడ్రస్ ఎవరిదో వెతికితే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి పేరు రావచ్చు. అది సాధారణంగా సర్వర్‌కూ చూసేవాళ్లకూ మధ్య ఉండే మధ్యవర్తి మాత్రమే. దానికి ఫిర్యాదు ఇస్తే అసలు హోస్ట్, అంటే ఫైల్‌ను తన సర్వర్‌లో ఉంచిన సంస్థ, ఎవరో తెలుస్తుంది.

హోస్ట్ అమెరికాదైతే అక్కడి కాపీరైట్ చట్టం డీఎంసీఏ సెక్షన్ 512 కింద, ఫైల్ తీసేయమని నోటీసు పంపండి. హోమ్‌పేజీ లింకు ఒక్కటే ఇస్తే పక్కన పడేస్తారు, ప్రతి ఫైల్ లింకూ విడిగా రాయాలి. అవతలివాడు తీసేయడం తప్పంటూ ఎదురు నోటీసు (కౌంటర్ నోటీసు) ఇస్తే, మీరు దావా వేయనిపక్షంలో 10 నుంచి 14 పనిదినాల్లో ఫైల్ తిరిగి పెడతారు. అయితే కౌంటర్ నోటీసులో పేరు, చిరునామా ఇచ్చి అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకోవాలి. ముసుగులో ఉన్నవాడు అంత ధైర్యం చేయడం అరుదు. చేశాడా, మీకు మేలే. యూరోపియన్ యూనియన్‌లో హోస్ట్ ఉంటే అక్కడి చట్టం డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ 16వ ఆర్టికల్ కింద నోటీసు పంపండి.

అసలు జవాబే ఇవ్వని హోస్టులూ ఉంటాయి. అప్పుడు సెర్చ్ ఇంజిన్లలో లింకులు తీయించండి, ప్రకటనలిచ్చే నెట్‌వర్కులకు, పేమెంట్ సంస్థలకు రాయండి. రాబడి తెగితేనే వాళ్లకు నొప్పి.

ఇక కోర్టు. కాపీరైట్‌పై 1886 నాటి అంతర్జాతీయ బెర్న్ ఒప్పందం వల్ల సభ్యదేశాల్లో రిజిస్ట్రేషన్ లేకుండానే మీకు కాపీరైట్ హక్కుంది, కానీ రక్షణ కోరిన దేశపు చట్టమే వర్తిస్తుంది. ఒక దేశపు ఆర్డరు మరో దేశపు సర్వర్‌ను దానంతటదే ఆపలేదు. అందుకే సర్వర్ ఉన్నచోట కాదు, మీ ప్రేక్షకులు ఎక్కువున్న దేశంలో, సైట్ తెరుచుకోకుండా ఆపాలని ఇంటర్నెట్ ప్రొవైడర్లపై బ్లాకింగ్ ఆర్డరు అడగండి. పేరు మార్చి వచ్చే మిర్రర్ సైట్లనూ చేర్చేలా 'డైనమిక్' ఆర్డరు కోరండి. ఢిల్లీ హైకోర్టు 2019లో అలాంటిది ఇచ్చింది.