ఆఫీసు నెట్‌వర్క్‌లో లాగిన్, ఫైళ్లు నెమ్మదిస్తే ముందు ఎక్కడ చూడాలి?

ఇంటర్నెట్ బాగానే ఉండి, విండోస్ డొమైన్ (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి ఖాతాల ఏర్పాటు) లాగిన్ మాత్రం నిమిషాల తరబడి తిరుగుతుంటే మొదటి అనుమానం డీఎన్ఎస్ మీదే, అంటే పేర్లను నెట్‌వర్క్ చిరునామాలుగా మార్చే సేవ మీదే. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ కొట్టి డీఎన్ఎస్ సర్వర్ల వరుస చూడండి. అక్కడ మీ డొమైన్ కంట్రోలర్ల (లాగిన్‌లను సరిచూసే ఆఫీసు సర్వర్ల) చిరునామాలే ఉండాలి. రెండో చిరునామాగా గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్ అయిన 8.8.8.8 ఇవ్వడం చాలాచోట్ల కనిపించే తప్పు. ఆ బయటి సర్వర్‌కి మీ కంట్రోలర్ ఎక్కడుందో తెలియదు, అలాంటి పేరే లేదని జవాబిస్తుంది. కంప్యూటర్ మళ్లీ మళ్లీ వెతుక్కుంటూ కూర్చుంటుంది. డీహెచ్‌సీపీలో (కంప్యూటర్లకు చిరునామాలు, డీఎన్ఎస్ సర్వర్ల వివరాలు పంచే సేవలో) 8.8.8.8ని తీసేసి, కంట్రోలర్ మీద డీఎన్ఎస్ ఫార్వర్డర్‌గా, అంటే కంట్రోలర్ తనకు తెలియని పేర్లను అడిగే సర్వర్‌గా పెట్టండి. ఆపైన కంప్యూటర్ గుర్తుంచుకున్న పాత జవాబులు చెరిపేందుకు ‘ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్’ కొట్టి, మళ్లీ లాగిన్ అయి చూడండి.

లాగిన్ చురుగ్గా ఉండి, పెద్ద ఫైలు కాపీ సెకనుకు 11 మెగాబైట్ల దగ్గరే ఆగిపోతుంటే లింకు 100 మెగాబిట్లకు పడిపోయిందన్నమాట. గిగాబిట్‌కి కేబుల్లోని 8 తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. అందుకే మిగతా నాలుగింటిలో ఒక్క తీగ తెగినా నెట్‌వర్క్ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. సెట్టింగుల జోలికి వెళ్లకముందే కేబుల్ మార్చి చూడండి.

ఒక్కరికే ఇబ్బందైతే వాళ్ల కంప్యూటర్‌లో ‘నెట్ యూజ్’ కొట్టండి, మ్యాప్ చేసిన (సర్వర్ ఫోల్డర్‌కి కలిపిన) డ్రైవ్‌ల వరుస కనిపిస్తుంది. ఎప్పుడో తీసేసిన సర్వర్‌కి మ్యాప్ చేసిన డ్రైవ్ మిగిలి ఉంటే తొలగించండి.