ప్రింట్ రూమ్‌కి వెళ్లేముందు

అమ్మలూ,

వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో మేరీ కసాట్ అనే చిత్రకారిణి ప్రింట్లు, అంటే ఆవిడ రేకుల మీద గీసి అచ్చు వేసిన బొమ్మలు, చూడాలని ఉందన్నావు. చాలా సంతోషం. కానీ ఊరికే వెళ్తే అవి గోడ మీద కనిపించకపోవచ్చు. వెలుతురుకి కాగితం, రంగులు పాడవుతాయని ఎక్కువ కాలం లోపలే భద్రం చేస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకుంటే స్టడీ రూమ్‌లో నీ ముందు బల్ల మీద పెడతారు.

అన్నీ అడగకు. 1890-91లో ఆవిడ చేసిన పది రంగుల ప్రింట్లలో రెండు చాలు. నన్నడిగితే 'ది లెటర్', 'ది బాత్'. అమెరికాలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన కసాట్, 1890లో అక్కడ జరిగిన జపాన్ ప్రింట్ల ప్రదర్శన చూసి ఈ పనికి దిగింది. జపాన్ వాళ్లది చెక్క దిమ్మెల పని. ఆవిడ రాగి రేకుల మీద డ్రైపాయింట్ (సూదితో నేరుగా గీరడం), ఆక్వాటింట్ (ఆమ్లంతో రేకును గరుకు చేసి రంగు నిలిచేలా చేయడం) పద్ధతుల్లో ఆ అందం రాబట్టింది. రంగులు రేకు మీద చేత్తోనే అద్దేది కాబట్టి ఏ రెండు ప్రతులూ అచ్చం ఒకేలా ఉండవు. బొమ్మకి 25 ప్రతులే. అచ్చు వేసింది తనూ, లెరువా అనే ప్రింటరూ అని సంతకం దగ్గర తనే రాసింది. పనివాడి పేరు అలా తన పేరు పక్కన పెట్టినందుకు ఆవిడంటే నాకు మరింత గౌరవం.

బొమ్మలో కథ తర్వాత, ముందు గీత చూడు. సూదితో రేకును గీరితే, నాగటి చాలు పక్కన మట్టి లేచినట్టు, గీత అంచున సన్నటి లోహపు పొర లేస్తుంది. సిరా అందులో నిలిచి గీత మెత్తగా పడుతుంది. ప్రెస్ కింద నలిగేకొద్దీ ఆ పొర అరిగిపోతుంది. తర్వాత కాగితాన్ని పక్క నుంచి చూడు, బొమ్మ చుట్టూ రేకు నొక్కిన పల్లం కనబడుతుంది. చెక్క అచ్చుకి అది ఉండదు.

'ది లెటర్'లో కవరు పెదాల దగ్గర పెట్టుకున్న ఆ మనిషి ముఖంలో నీడలే లేవు, ఉన్నవి సన్నటి గీతలే. నీలి గౌను మీద పువ్వులు, వెనక గోడ మీద పువ్వులు. రెండూ చదునుగానే ఉన్నా ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు. ఎందుకు కలవలేదో అక్కడే కూర్చుని ఆలోచించు, తొందర లేదు. 'ది బాత్' అయితే తొలి స్టేట్ ఒకటి, చివరిది ఒకటి పక్కపక్కన పెట్టమని అడుగు. రేకును మార్చిన ప్రతిసారీ తీసిన అచ్చును స్టేట్ అంటారు. ఆవిడ ఎక్కడ మార్చిందో, ఎక్కడ ఆగిందో నీకే తెలుస్తుంది.

వెళ్లేముందు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో జపాన్ చిత్రకారుడు ఉతమారో ప్రింట్లు కొన్ని చూసుకో. కసాట్ దగ్గర కూడా ఆయన ప్రింట్లు ఉండేవి. వీలైతే ఆవిడ స్నేహితుడు, చిత్రకారుడు డెగా చేసిన ఎచింగ్ (ఆమ్లంతో రేకు మీద గీతలు తినిపించి తీసిన అచ్చు) కూడా అడుగు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కసాట్‌ని వెనక నుంచి చూపించిన బొమ్మ అది.

పెన్ను తీసుకెళ్లకు, పెన్సిలే. అపాయింట్‌మెంట్ కోసం రాసే మెయిల్‌లో 'కసాట్ ప్రింట్లు' అని ఊరుకోకుండా, ఆన్‌లైన్ కేటలాగ్ చూసి ఒక్కోదాని యాక్సెషన్ నంబర్ (గ్యాలరీ దానికి ఇచ్చిన గుర్తింపు నంబర్) రాయి. స్టేట్స్ కలిపి ఐదారు మించి అడగకు.

మామయ్య