మ్యాథ్స్ సంగతి తర్వాత, ముందు పాప లంచ్ ఎవరితో తింటోందో కనుక్కోండి

చెల్లెమ్మా, మీ ప్రశ్న దాదాపు అంతా పాపని ఎనిమిదో గ్రేడ్‌లో ఏ లెవెల్ మ్యాథ్స్‌లో వేయించాలనే. చివర్లో మాత్రం "ఫ్రెండ్స్ ఇంకా కుదరలేదు, మెల్లగా అవుతారులెండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ ముక్కే. ఎవరిని ఏ లెవెల్‌లో వేస్తారనే ప్లేస్‌మెంట్ రూల్స్ మీ స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకోండి.

అమెరికా వచ్చి ఏడాది కూడా కాలేదు కాబట్టి మీకిది చిన్న విషయంగా కనిపిస్తుంది. మాకూ అలాగే కనిపించింది. మావాడు ఏడో గ్రేడ్‌లో చేరిన కొత్తలో తెల్లపిల్లలు "నువ్వు ఇండియన్‌వి కదా, లెక్కలు నీకు ఈజీ" అన్నారని చెబితే మేం పొంగిపోయాం. ఇక స్పెల్లింగ్ బీ (ఇంగ్లీషు మాటల స్పెల్లింగ్ పోటీ) జాబితాలు, మ్యాథ్ కాంపిటిషన్లు, వారాంతాల్లో కోచింగ్. మధ్యాహ్నం లైబ్రరీలో ఉంటున్నానంటే బుద్ధిగా చదువుకుంటున్నాడనుకున్నాను. ఓ ఆదివారం బట్టలు ఉతకడానికి వేస్తూ జేబులు చూస్తే మడతలుపడ్డ పసుపు చీటీలు. లైబ్రరీ పాస్‌లు. ప్రతి దాని మీదా తేదీ, లైబ్రేరియన్ పొట్టి సంతకం, పీరియడ్ అన్నచోట "లంచ్". కెఫెటీరియాలో ఒక్కడే కూర్చోలేక రోజూ పాస్ అడిగి తెచ్చుకుంటున్నాడు. నెలల తరబడి మాకు తెలియనే లేదు.

ఆ కెఫెటీరియాలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లది ఒక టేబుల్, బ్యాండ్‌వాళ్లది ఒకటి, మన పిల్లలది ఇంకొకటి. మనవాళ్లైనా రానిస్తారనుకుంటాం కదా? ఇక్కడే పుట్టిన మన పిల్లలే వాడి యాస విని "ఫాబ్" అన్నారు, ఇప్పుడే పడవ దిగాడన్నట్టు. తెల్లపిల్లల మాటకన్నా వాడికి అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ పిల్లల్నీ తిట్టలేను. కొత్తవాడి పక్కన కూర్చుంటే తమనీ ఒకే గాటన కడతారని వాళ్ల భయం.

"తెలివైనవాళ్లు" అనేది మంచి ముద్రే కదా అంటారేమో. అది ఎలా వచ్చిందో చూడండి. 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం పాత దేశాలవారీ కోటాలు తీసేసి డాక్టర్లకు, ఇంజనీర్లకు దారి తెరిచింది. ఆ తర్వాత నిపుణులైన ఉద్యోగులకిచ్చే హెచ్-1బీ వీసా వచ్చింది. అలా జల్లెడపట్టి తెచ్చుకున్నవాళ్ల పిల్లలు చదువులో ముందుంటే వింతేముంది? 1985లో మన మూలాలున్న బాలు నటరాజన్ జాతీయ స్పెల్లింగ్ బీ గెలిచాడు. 2019కి ఎనిమిది మంది ఉమ్మడి విజేతల్లో ఏడుగురు మన మూలాలవాళ్లే. గర్వపడదాం, కానీ ఆ ఏడుగురి కొలత మీ పాపకి పెట్టకండి. 2000లో చెర్యన్, బోడెన్‌హౌసెన్ అనే పరిశోధకులు ఆసియన్ అమెరికన్ అమ్మాయిల మీద ఒక ప్రయోగం చేశారు. లెక్కల పరీక్షకు ముందు వాళ్ల జాతి గుర్తుచేస్తే, "మీవాళ్లు బాగా చేస్తారు" అన్న ఆ ఒత్తిడికే ఏకాగ్రత దెబ్బతిని మార్కులు తగ్గాయి. మంచి ముద్ర కూడా బరువే. పైగా ఆ ముద్ర ఉన్న పిల్ల ఒంటరిగా ఉన్నా ఎవరికీ అనుమానం రాదు, చదువుకుంటోందనుకుంటారు.

మావాణ్ణి గట్టున పడేసింది స్టేజ్ క్రూ, అంటే స్కూలు నాటకాలకి తెర వెనక పనిచేసే జట్టు. స్కూలు కౌన్సిలర్ సూచిస్తే మేం ససేమిరా అన్నాం, ఆ పీరియడ్‌లో కోడింగ్ తీసుకోమన్నాం. వాడు మొదటిసారి మాకు ఎదురుతిరిగాడు, మేం తగ్గాం. తెర వెనక నల్లచొక్కా, చెవికి హెడ్‌సెట్, "లైట్స్, స్టాండ్‌బై" అని వినిపిస్తే వేలు బటన్ మీద, "గో" అనగానే నొక్కాలి. అక్కడ ఎవరూ యాస పట్టించుకోలేదు, లైటు వేళకి పడిందా లేదా అన్నదే లెక్క. స్నేహాలు అక్కడే మొదలయ్యాయి. స్కూల్లో కుదించుకున్న పేరుని మరుసటి ఏడాది నాటకం కరపత్రంలో తనంతట తానే పూర్తిగా వేయించుకున్నాడు. ఈరోజు వాడు సివిల్ ఇంజనీరు, ఆ దారి మేం చెప్పింది కాదు. ఆ రోజులు నెట్టుకొచ్చాం కాబట్టే ఇంత చనువుగా చెబుతున్నాను.

మీ పాప తన పేరు పొట్టిగా మార్చుకుందని బాధపడ్డారు. దాన్ని అలా వదిలేయండి, ఏ పేరుతో ఉండాలో తనే తేల్చుకుంటుంది. పుట్టిన దేశాన్ని పట్టి ఎవరైనా వేధిస్తుంటే మాత్రం ఊరుకోవద్దు, ప్రిన్సిపల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఫెడరల్ నిధులు తీసుకునే స్కూళ్లకి పుట్టిన దేశాన్ని పట్టి వివక్ష కూడదనే 1964 పౌరహక్కుల చట్టం టైటిల్ సిక్స్ వర్తిస్తుంది.

ఈ వారమే కౌన్సిలర్‌కి మెయిల్ పెట్టి లంచ్‌లో ఎక్కడ కూర్చుంటోందో, ఆ వేళలో ఏ క్లబ్బులున్నాయో అడగండి. ఇష్టమైన సబ్జెక్టులు ఎంచుకునే ఎలెక్టివ్ ఫారం వచ్చినప్పుడు ఒక్క గడైనా మీ సలహా లేకుండా పాపనే నింపనివ్వండి. మార్చుకునే గడువు స్కూల్ క్యాలెండర్‌లో ఉంటుంది.