ప్రాణమిచ్చారంటే నమ్మింది నిజమేనా? నా అనుభవం నుంచి ఒక జవాబు

"మా విశ్వాసం కోసం వేలమంది ప్రాణాలిచ్చారు, అబద్ధం కోసం ఎవరైనా చస్తారా?" అని క్రైస్తవుడైన మీ స్నేహితుడు అడిగాడన్నారు. ఏం చెప్పాలో తోచక ఊరుకున్నానని, ఆ వాదనలో బలం ఉందా లేదా అని అడిగారు.

ముందే చెప్పేస్తాను, అది రుజువు కాదనే నా అభిప్రాయం. కానీ ఆ మాట అనేసి వెళ్లిపోతే అన్యాయం అవుతుంది, ఎందుకంటే చిన్నప్పటి నుంచి కాలేజీ రోజుల దాకా నేనూ మీ స్నేహితుడి వైపే ఉన్నాను, ఇదే వాదన ఎంతోమంది దగ్గర మనస్ఫూర్తిగా చేశాను.

మాది క్రైస్తవ కుటుంబం. సండే స్కూల్లో హతసాక్షుల కథలు, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ల కథలు చెప్పేవాళ్లు. వాటిలో పెర్పెతువా కథ నా మనసులో అలాగే నిలిచిపోయింది. 203వ సంవత్సరం, కార్తేజ్ నగరం. ఇరవై రెండేళ్ల అమ్మాయి, పాలు తాగే బిడ్డ తల్లి. చక్రవర్తుల క్షేమం కోరి బలి అర్పిస్తే వదిలేస్తామన్నారు. ముసలి తండ్రి జైలుకి వచ్చి నా నెరిసిన తల చూసైనా జాలిపడమ్మా అని కాళ్లావేళ్లా పడ్డాడు. ఆమె మాట మార్చలేదు. ఇది విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఇంత గట్టిగా నిలబడిందంటే అది నిజమే అయ్యుండాలి, ఇంకేం కావాలి అనుకున్నాను. ఇప్పుడు కూడా ఆ కథ గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది, అది మారలేదు.

ఆ నమ్మకానికి మొదటి దెబ్బ హాస్టల్లో తగిలింది. నా రూమ్మేట్ సిక్కు. ఒకరోజు రాత్రి మాటల్లో నేను ఇదే అన్నాను, అబద్ధం కోసం ఎవరూ చావరు అని. అతను కోప్పడలేదు. 1675లో, ఔరంగజేబు పాలనలో, ఢిల్లీలో సిక్కుల తొమ్మిదో గురువు తేగ్ బహదూర్‌కి ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన వెంట ఉన్న భాయీ మతీదాస్, భాయీ దయాలా, భాయీ సతీదాస్ ముగ్గురినీ ముందు చంపారని, మతం మారితే బతుకుతావన్నా గురువు ఒప్పుకోలేదని, చివరికి తల నరికారని. చెప్పి, "నీ లెక్క ప్రకారం మా గురువు నమ్మింది కూడా నిజమే కదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అవునంటే నా మతానికి ఉన్న ప్రత్యేక రుజువు పోతుంది, కాదంటే ఎందుకు కాదో చెప్పాలి.

ఆ రాత్రి అతను చెప్పిన ఇంకో విషయం మీద చాలా రోజులు ఆలోచించాను. సిక్కు సంప్రదాయం ప్రకారం తేగ్ బహదూర్ ప్రాణమిచ్చింది కాశ్మీరీ పండితుల కోసం, వాళ్ల బొట్టూ జంధ్యమూ కాపాడటానికి. జంధ్యాన్ని సిక్కు గురువులు తమ వరకు ఎప్పుడో వద్దనుకున్నారు. అంటే ఆయన తాను పాటించని ఆచారాన్ని ఇతరులు పాటించుకునే హక్కు కోసం చనిపోయాడు. మరి ఆ మరణం ఏ మతం నిజమని రుజువు చేస్తుంది? ఒక మనిషి ఎంత ఎత్తుకి ఎదగగలడో మాత్రం చూపించింది, నాకైతే అది తక్కువ విషయంగా అనిపించలేదు.

తర్వాత చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లండ్ చరిత్ర దగ్గర పూర్తిగా ఆగిపోయాను. 1535లో థామస్ మోర్ తల నరికారు, పోప్ అధికారాన్ని కాదని రాజును చర్చికి అధిపతిగా ఒప్పుకోనందుకు. 1555లో లాటిమర్, రిడ్లీ అనే ఇద్దరు ప్రొటెస్టంట్ బిషప్పులను ఆక్స్‌ఫర్డ్‌లో సజీవంగా తగలబెట్టారు, పోప్ పక్షం బోధను ఒప్పుకోనందుకు. 1581లో ఎడ్మండ్ కాంపియన్ అనే కేథలిక్ ఫాదర్‌ని లండన్‌లో ఉరితీశారు. యాభై ఏళ్లు కూడా నిండలేదు, అదే దేశం, అదే బైబిలు, అదే యేసు. పోప్‌కి ఆ అధికారం ఉందని ఒకరు, లేదని ఇంకొకరు ప్రాణాలిచ్చారు. ఒకే ప్రశ్నకి ఉంది అన్నదీ లేదు అన్నదీ రెండూ నిజం కాలేవు కదా. మరణమే రుజువైతే రెండు వైపులా సమానంగా ఉంది, అలా ఉన్నప్పుడు దానితో తేల్చగలిగేది ఏమీ ఉండదు.

ఎవరూ చంపకపోయినా నమ్మకం కోసం ప్రాణం వదిలినవాళ్లూ ఉన్నారు. 1997 మార్చిలో కాలిఫోర్నియాలో హెవెన్స్ గేట్ అనే బృందానికి చెందిన 39 మంది, హేల్-బాప్ తోకచుక్క వెనక ఒక అంతరిక్ష నౌక వస్తోందని, శరీరం వదిలేస్తే అందులోకి చేరతామని నమ్మి ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లు నటించలేదు. వాళ్ల నిజాయితీని నేను శంకించను, తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. కానీ అక్కడ నౌక లేదు.

తిరగేసి కూడా చూడండి. 1633లో శాస్త్రవేత్త గెలీలియో చర్చి విచారణలో మోకాళ్ల మీద కూర్చుని, భూమి తిరుగుతుందన్న మాట వెనక్కి తీసుకున్నాడు. ఆయన భయపడినంత మాత్రాన భూమి ఆగిపోలేదు. భయపడితే అబద్ధమైపోదు అన్నప్పుడు, భయపడకపోతే నిజమైపోతుందని ఎలా అంటాం? యేసు శిష్యుడైన మా పేతురు కూడా, యేసుని పట్టుకెళ్లిన రాత్రి, కోడి కూసే లోపల మూడుసార్లు "ఆయనెవరో నాకు తెలియదు" అన్నవాడే.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఏంటంటే, ఈ చిక్కు చర్చిలో పెద్దలకి ఎప్పుడో తెలుసు. హిప్పో బిషప్ అగస్టీన్ ఉన్న రోజుల్లో ఉత్తర ఆఫ్రికాలో డొనాటిస్టులని ఒక చీలిక వర్గం ఉండేది. మాలోనూ హతసాక్షులున్నారు కాబట్టి అసలైన చర్చి మాదే అనేవాళ్లు వాళ్లు. దానికి అగస్టీన్ జవాబు: ఒకణ్ణి హతసాక్షిని చేసేది పడిన శిక్ష కాదు, దేనికోసం పడ్డాడన్నదే. పదహారు వందల ఏళ్ల కిందటి మాట ఇది, అదీ విశ్వాసి నోటి నుంచి. అయితే ఆ "దేనికోసం" అన్నది సరైనదో కాదో చావును చూసి తెలుసుకోలేం, ఇంకెక్కడో వెతకాలి. మీ స్నేహితుడికి నా మాట కంటే ఈ మాట చెప్పండి, ఎక్కువ వింటాడేమో.

ఇక్కడ మీ స్నేహితుడు ఒక గట్టి మాట అడగొచ్చు, దాన్ని దాటవేయకూడదు. "తర్వాతి వాళ్ల సంగతి వేరు, వాళ్లు విన్నది నమ్మారు. కానీ మొదటి శిష్యులు కళ్లారా చూశామన్నారు, అబద్ధమైతే అబద్ధమని వాళ్లకే తెలుసు, తెలిసి ఎవరు చస్తారు?" ఈ వాదనలో బలం ఉంది, నేను ఒప్పుకుంటాను. హతసాక్షి అనే మాటలోనే సాక్షి ఉన్నాడు, గ్రీకులో 'మార్టిస్' అన్నా సాక్షి అనే అర్థం. చూసిన మనిషి చావుకి కూడా వెనకాడకపోతే, కావాలని మోసం చేస్తున్నాడన్న అనుమానం చాలావరకు తీరిపోతుంది. కానీ తీరేది ఆ ఒక్క అనుమానమే. తాను చూసింది ఏమిటో పొరబడ్డాడా అన్నది మిగిలే ఉంటుంది. పైగా మొదటి శిష్యుల మరణాల గురించి మనకి దొరికేది అందరూ అనుకునేంత లేదు. శిష్యుల్లో ఒకడైన జెబెదయి కొడుకు యాకోబును హేరోదు రాజు కత్తితో చంపించాడని బైబిల్లోని అపొస్తలుల కార్యాల్లో ఉంది, యేసు సోదరుడు యాకోబు గురించి యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు, పేతురు పౌలులు రోమ్‌లో చనిపోయారన్నది చాలా పాత సంప్రదాయం. మిగతావాళ్లలో ఎక్కువమంది కథలు బాగా తర్వాత వచ్చినవే. మాట మార్చుకుంటే వదిలేస్తామని వాళ్లకి ఎవరైనా అవకాశం ఇచ్చారా అన్నది కూడా ఆ పాత రాతల్లో కనబడదు. ఆ అవకాశం ఉంటేనే కదా ఈ వాదనకి పూర్తి బలం.

ఇదంతా పుస్తకాల సంగతి. నాకు ఈ ప్రశ్న ఇంట్లోకి వచ్చింది మా పెదనాన్న వల్ల. ఆయనకి పేగు కేన్సర్ తొలి దశలోనే బయటపడింది, ఆపరేషన్ చేస్తే బతికే అవకాశం బాగా ఉందని డాక్టర్ చెప్పాడు. ఆయన వద్దన్నాడు. దేవుడే బాగుచేస్తాడని గట్టిగా నమ్మాడు. మా నాన్న ఏడ్చాడు, నేను పోట్లాడాను. ఆయన చివరిదాకా ప్రశాంతంగా ఉన్నాడు, నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా మమ్మల్నే ఓదార్చాడు. ఏడాది దాటిన కొద్ది రోజులకి పోయాడు. ఆయన్ని ఎవరూ చంపలేదు, కాబట్టి హతసాక్షి అనరు, తెలుసు. కానీ సమాధి దగ్గర ఒకాయన లేచి "ఈ మరణమే మన విశ్వాసానికి సాక్ష్యం" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ కూర్చున్నవాళ్లలో ఇంకో ఇద్దరు రోగులున్నారు, వాళ్లు కూడా ఆ మాట విన్నారు. చావును రుజువుగా చూపించడం మొదలుపెడితే తర్వాతివాళ్ల మీద ఎంత బరువు పడుతుందో ఆ రోజు కళ్లారా చూశాను. మందు తీసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు, బతకాలనుకుంటే దేవుణ్ణి కాదన్నట్టు.

అందరూ వెళ్లిపోయాక పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు చదువుకున్నావు కదా, చెప్పు నాన్నా. ఆయన నమ్మింది నిజమేనా?" అని అడిగింది. చాలాసేపు ఏమీ అనలేకపోయాను. చివరికి, "ఆయన నమ్మడం మాత్రం నిజం పెద్దమ్మా, అందులో నాకు అనుమానం లేదు" అన్నాను.

"అది నాకూ తెలుసులే" అంది. ఆ తర్వాత రెండు నెలలకి ఆమెకి బీపీ బాగా పెరిగితే నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. దారంతా ప్రార్థన చేసుకుంటూ వచ్చింది, డాక్టర్ రాసిన మాత్రలు మాత్రం ఒక్కపూట కూడా మానకుండా ఇప్పటికీ వేసుకుంటోంది.