చందమామ జానపద ధారావాహికల రచయిత ఎవరు?

నల్లగొండలో మా తరం గ్రంథాలయపు బైండు సంపుటాల్లో ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ చదువుకుంది గానీ, వాటిని రాసినదెవరో మాకు తెలియలేదు. ఇప్పటికీ చాలామంది అడిగే ప్రశ్న ఇదే. ఆ రచయిత దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో గుంటూరు జిల్లా పెదగాదెలవర్రులో జన్మించిన ఆయన, 1952లో మద్రాసు వెళ్లి చందమామ సంపాదక వర్గంలో చేరి, అర్ధ శతాబ్దానికి పైగా అక్కడే పనిచేశారు.

1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘భల్లూక మాంత్రికుడు’ వరకు ఆయన రాసిన పన్నెండు ధారావాహికలు హిందీ, తమిళం వంటి ఇతర భాషల చందమామల్లోనూ వెలువడ్డాయి. ‘యక్షపర్వతం’లోని ఖడ్గవర్మ, జీవదత్తుల సాహసాలను ప్రతి నెలా సరిగ్గా ఉత్కంఠ పతాకస్థాయికి చేరిన చోట ఆపి, పాఠకుణ్ణి వచ్చే సంచిక కోసం ఎదురుచూసేలా చేయడంలో ఆయనది అసాధారణ ప్రతిభ, చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన బొమ్మలు ఆ మాంత్రికులకూ రాక్షసులకూ రూపమిచ్చాయి. అయితే ధారావాహికలపై రచయిత పేరు వేయకపోవడంతో, లక్షల పాఠకులను అలరించిన ఈ మనిషి దశాబ్దాల పాటు అజ్ఞాతంగానే ఉండిపోయారు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. ఆయన 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు.